ఒక దినప్రయాణము వెనుకకు

చదువవలసిన వాక్యభాగము: లూకా 2:41–50



పస్కా పండుగ ముగిసినది. యోసేపు మరియలు తమ బంధువులతోను ఊరివారితోను కలిసి యెరూషలేము విడిచి ఇంటిదారి పట్టిరి. పన్నెండేండ్ల బాలుడైన యేసు గుంపులో ఎక్కడో ఉన్నాడని తలంచిరి. ఆ తలంపుతోనే ఒక దినమంతయు నడిచిరి. వారు దుష్టులు కారు. దేవుని పండుగ ఆచరించి వచ్చుచున్న భక్తులు. వారు నడిచినది ఎరిగిన బాటయే. అయినను వేసిన ప్రతి అడుగును వారిని ఆయనకు దూరము చేయుచుండెను. ఆ సంగతి వారికి తెలియలేదు. దారి తప్పుటలోని అపాయము ఇదే: తప్పినవాడు తాను తప్పితినని యెరుగడు.

ఈ సంగతిని మనకు తేటగా చూపగల చోటు ఒకటి కలదు. దాని పేరును యెరూషలేమే. మేము దానిని కన్నులార చూడలేదు గాని, దానిని గూర్చి చదివినది మన సంఘములకు మేలు చేయునని వ్రాయుచున్నాము.

ఆస్ట్రేలియా దేశములో టాస్మానియా అను దీవి యున్నది. దాని నడుమ ఎత్తైన పీఠభూమి కలదు. అక్కడ డోలరైట్ అను నల్లని రాతి కొండలు కోటగోడలవలె నిలువుగా లేచియున్నవి. వేల యేండ్లుగా ఆదివాసులు సంచరించిన ఆ చోటికి, 19వ శతాబ్దములో వచ్చిన తెల్లవారు ‘యెరూషలేము గోడలు’ అని పేరు పెట్టిరి. తరువాత లాన్‌సెస్టన్ పట్టణపు న్యాయవాది రెజ్ హాల్ అక్కడి కొండలకును మడుగులకును బైబిలు పేర్లు పెట్టెను. హేరోదు గుమ్మము, దమస్కు గుమ్మము, బేతెస్ద కోనేరు, దావీదు రాజు శిఖరము, దేవాలయము, సొలొమోను రత్నములు – ఇవన్నియు నేటికిని ఆ పటములో ఉన్నవి. 1981లో ఆ ప్రాంతము జాతీయవనమాయెను.

గోడల నడుమ కాలిబాట కలదు. వాటిని దాటి పోయినయెడల అనేక చోట్ల బాట లేదు. పూర్వకాలపు హిమానీనదములు నేలను తొలిచిపోయినందున, ఆ పీఠభూమిమీద వేలకొలది సరస్సులును మడుగులును ఏర్పడినవి. ఒక మడుగువలెనే మరియొక మడుగు, ఒక బండగుట్టవలెనే మరియొకటి. పొగమంచు దిగినప్పుడు పది బారల దూరము కనబడదు. వేసవిలో సయితము మంచు కురియవచ్చును. టాస్మానియా కొండలలో చలికి ప్రాణములు కోల్పోయినవారు కలరు. దమస్కు గుమ్మమునకు బేతెస్ద కోనేరునకు నడుమ నిలిచియుండియు మనుష్యుడు దారి తప్పగలడు.

ప్రియులారా, మనకును బైబిలు పేర్లే ఉన్నవి. మన ఇండ్లలో అబ్రాహాములు, దావీదులు, మరియమ్మలు, మార్తమ్మలు ఉన్నారు. మన గుడులకు బేతేలనియు సీయోననియు పేర్లున్నవి. పేరు చోటును తెలుపును గాని దారి నడిపింపదు. దేవుని పేర్ల నడుమ తిరుగుచునే దేవునికి దూరమైపోవుట సాధ్యమే.

ఇందునుండి మనము మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, మన మనస్సు చెప్పినదంతయు నమ్మరాదు. 2009లో జర్మనీ దేశపు మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు కొందరిని పెద్ద అడవిలో విడిచి, తిన్నగా నడువుడని చెప్పిరి. సూర్యుడు కనబడినప్పుడు వారు ఇంచుమించు తిన్నగానే నడిచిరి. మబ్బు కమ్మిన దినమున నడిచినవారో గుండ్రముగా తిరిగిరి. తాము ముందు నడిచిన చోటనే అడ్డముగా దాటిరి, అయినను దానిని గుర్తింపలేదు. తిన్నగానే పోవుచున్నామని తలంచిరి. తన కంటికి సరిగా తోచిన త్రోవ తుదకు మరణమునకు చేర్చగలదని సామెతలు 14:12లో జ్ఞాని హెచ్చరించుట ఇందుకే. యథార్థముగా నడిచితినని చెప్పుట చాలదు. మనకు వెలుపలనున్న వెలుగు ఒకటి కావలెను.

రెండవది, మన సూదిని సరిచూచుకొనవలెను. బాటలేని చోట నడచువారు దిక్సూచియు పటమును వెంట తీసికొందురు. అయితే దిక్సూచి సూది నిజమైన ఉత్తరమును చూపదు. టాస్మానియాలో అది 14, 15 డిగ్రీలు తూర్పునకు ఒరిగియుండును. దీనిని లెక్కించక నాలుగు కిలోమీటర్లు నడిచినవాడు చేరవలసిన చోటికి దాదాపు ఒక కిలోమీటరు పక్కకు చేరును. మన మనస్సాక్షియు అట్టి సూదియే. అది దేవుడిచ్చినదే గాని, లోకాచారమువైపునకు, కులమువైపునకు, లాభమువైపునకు ఒరిగియుండును. ‘నా మనస్సాక్షి నన్ను గద్దింపలేదు’ అని కట్నము పుచ్చుకొనువారును, తమ్ముని వంతు గట్టు జరుపుకొనువారును చెప్పుదురు. సూది కదలకుండుట గొప్ప సంగతి కాదు. వాక్యముచేత దానిని సరిచేసికొంటిమా?

ఇంకొక మోసము కలదు. దారి తప్పిన బాటసారి తన యెదుట ఒక మడుగును చూచి, ‘ఇదే పటములోని ఆ మడుగు’ అనుకొనును. వేల మడుగులు గనుక పోలిక ఎక్కడనైనను దొరకును. వంపు సరిపడనప్పుడు, ‘వానలకు నీరు పెరిగియుండును’ అని సమాధానము చెప్పుకొనును. ఆ విధముగా నేలనుబట్టి తన్ను దిద్దుకొనుటకు మారుగా పటమునే తన తప్పునకు తగినట్లు త్రిప్పుకొనును. మనమును చేయదలచినది ముందుగా నిశ్చయించుకొని, దానికి సరిపడు వచనమును పిమ్మట వెదకుట లేదా? లేఖనము మనలను దిద్దుటకు ఇయ్యబడినది గాని, మనము దానిని దిద్దుటకు కాదు.

మూడవది, సందేహము పుట్టిన చోటనే నిలిచి, నిశ్చయముగా ఎరిగిన చోటికి తిరిగి వెళ్లవలెను. అనుభవముగల బాటసారులు చెప్పు మాట ఇది: తప్పితినేమో అని తోచగానే వేగిరపడకుము. నిలువుము. నీవు ఎక్కడ ఉన్నావో నిశ్చయముగా ఎరిగిన కడపటి చోటు ఏదో జ్ఞాపకము చేసికొనుము. దారి గుర్తున్నయెడల అక్కడికి తిరిగి వెళ్లుము. వినుటకు సుళువు, చేయుటకు కష్టము. రెండు గంటలు నడిచినవానికి వెనుకకు మరలుట అవమానముగా తోచును. ‘ఇంకొక గుట్ట దాటిన కనబడును’ అని మనస్సు చెప్పును. అట్లు దాటిన గుట్టలే అనేకులను చీకటిలోనికి నడిపినవి.

యోసేపు మరియలు ఏమి చేసిరి? బంధువులలో వెదకిరి, ఆయన కనబడలేదు. ‘ఎట్లయినను నజరేతు చేరుదము, అతడే వచ్చును’ అనలేదు. నడిచిన దారినంతయు మరల నడిచి యెరూషలేమునకు తిరిగి వెళ్లిరి. మూడు దినములైన తరువాత దేవాలయములో ఆయనను కనుగొనిరి. వారు ఆయనను విడిచిన చోటు అదే. ఐగుప్తునుండి తిరిగి వచ్చిన అబ్రాముకూడ తాను మొదట బలిపీఠము కట్టిన బేతేలు దగ్గరి చోటికే వెళ్లెను (ఆదికాండము 13:3, 4). ఎఫెసు సంఘమునకు ప్రభువు ఇచ్చిన ఆజ్ఞయు ఇదే: ఎక్కడనుండి పడితివో తలంచుకొని, మొదటి క్రియలకు మరలుము (ప్రకటన 2:5).

కాబట్టి ప్రియులారా, ప్రభువు మనతో ఉన్నాడని నిశ్చయముగా ఎరిగిన కడపటి చోటు ఏది? ఆరాధన జరుగుచున్నది, పాటలు పాడుచున్నాము, కానుకలు వచ్చుచున్నవి గనుక ఆయన గుంపులో ఉన్నాడని తలంచి ఎన్ని దినములు నడిచితిమి? అన్నదమ్ముల నడుమ మాట నిలిచిపోయిన దినమున ఆయనను విడిచితిమేమో. అట్లయిన తిరిగి వెళ్లవలసిన చోటు ఆ సహోదరుని గడపయే. సంఘపు లెక్కలో ఒక మాట దాచిన దినమున విడిచితిమేమో. అట్లయిన ఆ లెక్కపుస్తకము తెరువవలెను. కుటుంబ ప్రార్థన మానిన రాత్రి విడిచితిమేమో. అట్లయిన ఈ రాత్రియే దీపము దగ్గర పిల్లలను కూర్చుండబెట్టవలెను. తిరిగి నడుచుట ఒక దినము వ్యర్థమగుట కాదు. ఆయన లేకుండ ముందుకు నడిచినదే వ్యర్థమైన దినము.

ప్రార్థన: మా పరలోకపు తండ్రీ, మేము సరియైన దారిలోనే ఉన్నామని తలంచుకొని నీ కుమారుని విడిచి నడిచిన దినములను క్షమించుము. నిలుచుటకు ధైర్యమును, తిరిగి వచ్చుటకు వినయమును మాకు దయచేయుము. నీ వాక్యముచేత మా మనస్సాక్షిని సరిచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.