నివేదనమును దినచర్యయు

కోనసీమలో నైవేద్యమునకు కొఱత లేదు. అమలాపురము మొదలు రాజోలు వఱకు ఏ పెరడు చూచినను కొబ్బరియు, అరటియు, పనసయు గలవు. పండుగనాడు పళ్లెము నింపి దేవుని యెదుట నొక నిమిషముంచి, పిమ్మట మనమే భుజింతుము. ఇందు దేవుని కిచ్చినదేమి? కాయయు, చెట్టును, చెట్టునకు నీరందించు గౌతమీ వసిష్ఠలును ఆయనవే. ఆయనకు లేనిది మనయొద్ద నేదియు లేదు. ఇట్లుండగా, నిత్యజీవనమునంతయు కృతజ్ఞతతో భగవంతున కర్పింపవలయునను మాటకు అర్థమేమని విద్యావంతులగు చదువరు లడుగుట న్యాయమే. ఈ ప్రశ్న వేదాంతగోష్ఠిలో తేలునది కాదు; కళ్లములోను, వంటయింటిలోను తేలవలసినది.

మొదట మనము పొందినదేమో చూచుకొందము. ఈ సీమ సౌభాగ్యము కేవలము నదుల వరమనుకొనుట సగమే నిజము. 1847లో ఆరంభింపబడి 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టకు ముందు, ప్రక్కనే గోదావరి పాఱుచున్నను పొలమునకు నీటి నమ్మకము లేదు. పిమ్మట గన్నవరమువద్ద వైనతేయముపై కట్టిన అక్విడక్టు కాలువనీటిని ఏరు దాటించి ఆవలి లంకలకు చేర్చినది. సర్ ఆర్థర్ కాటనును స్నానసంకల్పములో స్మరించిన పురోహితులుండిరని యిచ్చట చెప్పుకొందురు. అన్యమతస్థుడని యెంచక మేలుచేసినవానిని తలచుట మెచ్చదగినదే. కాని ఆ కాలువలు త్రవ్వి మన్ను మోసినవారి పేరులు ఏ సంకల్పములోను లేవు. మన కృతజ్ఞత పైనున్న దేవునిదాకను, పెద్ద దొరదాకను ఎక్కును గాని, మోకాలిలోతు బురదలోనికి దిగదు.

1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమున డొక్కా జోగన్నగారి యింట మెట్టిన సీతమ్మగారు 1909లో గతించువఱకు చేసినది యొక్కటే: ఆకలితో వచ్చినవారికి అన్నము పెట్టుట. ఆ యూరు ఏటిదరి. రేవు దాటు బాటసారులు వేళగాని వేళ వచ్చువారు. పగలనక రేయనక పొయ్యి మండవలసివచ్చెడిది. వచ్చినవాని కులము నామె యడుగలేదందురు. సప్తమ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు 1903లో ఆమెను పిలిచిరనియు, ఆమె పోలేదనియు ప్రసిద్ధి. పలువురు దానినే విస్తరించి వర్ణింతురు. మాకు మాత్రము అంతకన్న నడిరేయి లేచి బియ్యము కడుగుట గొప్పగా తోచుచున్నది. ఒకనాటి నిరాకరణమునకు ఒకనాటి ధైర్యము చాలును. ప్రతిరాత్రియు తలుపు తట్టినవానికి విసువక లేచుటకు వేఱొక బలము కావలెను. ఆమె నైవేద్యము దేవుని యెదుటనుండి తిరిగి యజమానుని విస్తరిలోనికి రాలేదు, గడప దాటిపోయినది. మన ప్రశ్నకు సమాధానమిక్కడ దొరకుచున్నది. మనము తీర్పజాలని ఋణపత్రమును ఋణదాతయే ఆకలిగొన్నవాని పేర బదలాయించినాడు. 2000లో గన్నవరమున కట్టిన క్రొత్త అక్విడక్టుకును, 2024లో బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకును సీతమ్మగారి పేరుంచిరి. మంచిదే, పేరుంచుట మిక్కిలి సులభమైన కృతజ్ఞత.

కలిగినవారికి కృతజ్ఞత తేలికయే, పోగొట్టుకొన్నవాని సంగతి యేమని కొంద రాక్షేపింతురు. ఆక్షేపము బలమైనది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను గోదావరి జిల్లాలలో వెయ్యిమందికి పైగా పొట్టనబెట్టుకొన్నది. కొబ్బరితోటలు నేలగూలినవి, నాటిన మొక్క మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ మఱునాడు బిడ్డను పోగొట్టుకొన్నవానితో భగవంతునకు కృతజ్ఞుడవు కమ్మని చెప్పువాడు భక్తుడు కాడు, కఠినుడు. దానిని దైవదండనమనుట మఱింత దోషము. ఆ దుఃఖమును వాదముతో తుడువ నెవరి తరమును గాదు. ఐనను ఇంతమాత్రము చెప్పగలము: అట్టి రాత్రి కృతజ్ఞతాభారము పోగొట్టుకొన్నవానిపై లేదు, మిగిలినవానిపై నున్నది. ఇల్లు నిలిచినవాడు బ్రతికితినని చేతులు జోడించిన చాలదు, తలుపు తెఱవవలెను.

ఇక తుపానులు లేని దినముల మాట. బ్రతుకులో హెచ్చుభాగ మవియే గదా. దింపు తీయువాడు ప్రాణము పణముగా చెట్టెక్కి గెల దించును. ఒలుపువాడు నేల పాతిన గునపముపై కాయ నొలుచును. ఆ కాయనే మనము దేవుని యెదుట కొట్టుదుము. వారి కూలికి రేపు రమ్మని త్రిప్పుచు, నేడు కొట్టిన కాయలో మన సొత్తెంత? ఇవ్వని కూలితో పెట్టిన నైవేద్యము దొంగసొమ్మే. దీనిని మెత్తగా చెప్పుటకు మాకు మాటలు దొరకలేదు. సభలలో సీతమ్మగారిని కొనియాడి, ఇంటికి వచ్చి వడ్డించుకొని, అడుగంటిన కూర ఇల్లాలికి మిగిల్చు పెద్దమనుష్యులును గలరు. ఆమె చాకిరికి ధర్మమని పేరుపెట్టితిమి గావున కృతజ్ఞత చెప్పు పని తప్పిపోయినది! కచ్చేరిలో అర్జీదారుని రెండుమాఱులు త్రిప్పక మొదటిమాఱే కాగితము చూచిన గుమాస్తా యొక్క కలమును, వెనుక కూర్చున్న పిల్లవానికి మరల లెక్క చెప్పిన ఉపాధ్యాయుని సుద్దముక్కయు పూజాద్రవ్యములే యని మా యభిప్రాయము.

ఉదయప్రార్థనలో దేవుని గుణములను వరుసగా పేర్కొనుట మన కలవాటు. దానికి మేమొకటి చేర్పగోరుచున్నాము. నిన్నటి యన్నము మన విస్తరిలోనికి వచ్చుటకు పాటుపడినవారి నొక్కొక్కరిని పేరుతో తలపవలెను. నాటినవారు, కోసినవారు, దింపు తీసినవారు, కొత్తపేట బజారున కూరలమ్మినవారు, వండినవారు. పేరు తెలియనిచో సాయంకాలములోగా పోయి యడుగవలెను. మొదటివారము చాలమంది యిండ్లలో ఆ ప్రార్థన రెండు మూడు పేరులతోనే ముగియును.