పురుగుల మందు – మొదటి శీలం



చౌడేపల్లె, పుంగనూరు పక్క టమోటా తోటల్లో బతికే మనకు ఒక ప్రశ్న ఉంది. పొద్దున “పాణాతిపాతా వేరమణి” అని శీలం తీసుకుంటాం. కాసేపటికే పంపు భుజానేసుకుని పురుగుల్ని చంపుతాం. శీలం తప్పినట్టేనా?

బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’లో దారి చూపించారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరన్నారు. అహింస గుడ్డి నియమం కాదు, ఆలోచించి నడుచుకోవాల్సిన సూత్రం అని వివరించారు. కాబట్టి కాయతొలుచు పురుగును ఆపినందుకు కుమిలిపోనక్కర్లేదు. కానీ అవసరం ఎంత అనేది ప్రతిసారీ మనమే తేల్చుకోవాలి. పక్క తోటోడు కొట్టినాడని కొట్టేది, అంగడాయన చెప్పినాడని మూడు మందులు కలిపి కొట్టేది అవసరం కాదు.

పురుగు గురించి ఇంత ఆలోచిస్తాం గదా, పంపు మోసే మనిషి సంగతేమి? తోట ఒకరిది, విషం పడేది కూలోడి ఒంటిమీద. ఆ కూలోడు చాలాచోట్ల మనోడే. 2017లో విదర్భలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి దాదాపు 20 మంది రైతులు, కూలీలు చనిపోయారు. బాబాసాహెబ్ 1956లో దీక్ష తీసుకున్న నాగపూర్ ఉన్నదీ ఆ విదర్భలోనే.

డబ్బా మీద ఎర్ర గుర్తుంటే అత్యంత విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మూతికి కట్టిన తువ్వాలు విషాన్ని ఆపదు, తడిస్తే ఒంటికే అంటిస్తుంది. మాస్కు, గ్లౌజులు, నిండు చొక్కా కావాలి. గాలికి ఎదురుగా కొట్టొద్దు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు. తల తిరిగినా, వాంతులైనా, చూపు మసకబారినా పని ఆపండి. బట్టలు మార్చి, సబ్బుతో కడుక్కుని, డబ్బా వెంట పెట్టుకుని ఆసుపత్రికి పోండి.

“గ్లౌజులు అడిగితే రేపు పనికి పిలవరన్నా” అంటారు. నిజమే, కూలి పోతే పొయ్యి వెలగదు. అందుకే ఒక్కడే అడగొద్దు, ఊళ్లో మందు కొట్టేవాళ్లంతా కలిసి అడగండి. సంఘటితం కమ్మని బాబాసాహెబ్ చెప్పింది ఇలాంటి చోటే పనికొస్తుంది.

మన సొంత తోటైతే బాధ్యత ఇంకా పెద్దది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలకు వాడొద్దని కేంద్రం 2005లోనే నిషేధించింది. మందు కొట్టినాక ఎన్నాళ్లు ఆగి కోయాలో డబ్బా మీదే ఉంటుంది. మదనపల్లె మార్కెట్లో రేటుందని మర్నాడే కోసి పంపితే, ఆ కాయ తినే బిడ్డ మనకు కనపడదు. కనపడని ఆ బిడ్డ మీద కూడా మైత్రి ఉంటేనే మొదటి శీలం నిలబడినట్టు.

నమో బుద్ధాయ. జైభీమ్.