రెండు పడవలు, నడుమ తాడు



ఇంటి పెరట్లో సముద్రపు పడవ కట్టుకొనే వారిని గూర్చి విన్నారా? నోవా పితరుని సంగతి కాదు నేను చెప్పేది. ఇంగ్లండు దేశస్థుడైన జేమ్స్ వారమ్ 1954లో సుమారు 23 అడుగుల జంట పడవను స్వయంగా కట్టుకొని, అట్లాంటిక్ సముద్రం దాటి ట్రినిడాడ్ చేరాడు. ఆ తరువాత సామాన్యులు ఇంటివద్ద కట్టుకొనేందుకు వీలుగా పడవల నమూనాలు గీసి అమ్మాడు. ఆయన సంసార పద్ధతి తిరుసభ బోధకు పొసగేది కాదు. దానిని పక్కన ఉంచి పడవ సంగతి చూద్దాం.

అటువంటి పడవను 'క్యాటమరాన్' అంటారు. మాట మన పొరుగువారిదే, తమిళుల కట్టుమరం. మన తీరంలో దుంగలను తాళ్లతో కట్టిన దానిని తెప్ప అంటాం. వారమ్ పడవ మాత్రం పసిఫిక్ దీవుల వారి పద్ధతిలో రెండు సన్నని పడవలను పక్కపక్కన ఉంచి, అడ్డదూలాలతో కలిపినది.

ఆయన నమూనాలలో కొన్నింటిని కట్టే తీరు కుట్టుపనిని తలపిస్తుంది. ప్లైవుడ్ పలకలను కోసి, అంచుల వెంట చిన్న రంధ్రాలు చేసి, రాగితీగతో కుడతారు. ఆ కుట్టుమీద ఎపాక్సీ జిగురు పట్టించి, పైన గాజునారు గుడ్డ అతికిస్తారు. ఒక్క మేకు రంధ్రాన్ని జిగురు పెట్టక వదిలినా నీరు దిగి చెక్క కుళ్లుతుంది. ఇక ఖర్చంటారా, చెక్కతో తీరదు; తెరచాప, కొయ్య, లంగరు, తాళ్లు ఇంకా మిగిలే ఉంటాయి. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకోవాలని ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో చెప్పినది ఇటువంటి వారికే. సగంలో ఆగి పెరట్లో వానకు తడిసే పడవలు తక్కువేమీ కావు.

నన్ను ఆలోచింపజేసినది మరొకటి. ఈ నమూనాలలో అడ్డదూలాలను పడవలకు బోల్టులతో బిగించరు, తాళ్లతో కట్టుతారు. ఒక్కొక్క పడవను అల ఒక్కొక్క తీరున ఎత్తుతుంది. బిగుసుకుపోయిన బోల్టు దగ్గర ఆ బలమంతా ఒక్కచోట పడి, చెక్క చీలుతుంది. తాడైతే కొంచెం కదలనిస్తుంది, అయినా విడువదు. అయితే తాడు ఒరుసుకుపోతుంది. అందుకే ప్రయాణానికి ముందు ప్రతి కట్టునూ చేతితో తడిమి చూడాలి.

ఇరవై ఏళ్లకు పైగా జ్ఞానవివాహాలలో 'మీరిద్దరూ ఒక్కటి' అని నేను ప్రసంగించాను. ఆ మాట సత్యమే. కాని ఒకసారి ఒక సోదరి వచ్చి, తాను మళ్లీ కుట్టుమిషను పని మొదలుపెడతానంటే భర్త ఒప్పుకోవడం లేదని చెప్పుకొన్నది. నేను 'సర్దుకుపో, అమ్మా' అన్నాను. అంటే ఏమి చేశాను? రెండో పడవను విప్పి మొదటి దానికి పలకలుగా కొట్టమన్నాను. ఆమె మారుమాటాడక వెళ్లిపోయింది. కొన్నాళ్లకు పుట్టింటికి చేరింది.

భర్తను అప్పుడు పిలిచి మాట్లాడినవాడిని కాను. మొన్న తపస్సుకాలంలో పిలిచాను. చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నాడు. చివరకు, 'మిషను ఇంట్లోనే ఉంది, ఫాదర్ గారూ. నూనె వేసి ఉంచాను' అన్నాడు. ఆ మాట ఆమెకు చెప్పావా అని అడిగితే, లేదన్నాడు. ఆదివారం పూజ అయ్యాక ఇద్దరం కలిసి ఆమె పుట్టింటికి బస్సెక్కాం.