ఆ పేరు ఎవరు సంపాదించారు?

గొట్టింగెన్ విశ్వవిద్యాలయం 1737లో ప్రారంభమైంది. గౌస్, రీమన్, హిల్బర్ట్, ఎమ్మీ నోదర్ పనిచేసిన చోటు కనుక దాని ఘనతను మనం సాధారణంగా గణితంతో కొలుస్తాం. ఆ కొలత తప్పు కాదు. కానీ విద్వత్తుతో పాటు విద్యాలయానికి అంతరాత్మ కూడా ఉంటుందా, ఉంటే ఎవరిలో ఉంటుంది అని అడిగితే జవాబు అంత తేలిగ్గా దొరకదు.

1837లో, గొట్టింగెన్ ఉన్న హానోవర్‌కు కొత్తగా రాజైన ఎర్నెస్ట్ అగస్టస్ 1833 నాటి రాజ్యాంగాన్ని రద్దు చేశాడు. దానికి కట్టుబడతామని తాము చేసిన ప్రమాణం రాజు మారినంత మాత్రాన చెల్లకుండా పోదని ఈ విశ్వవిద్యాలయపు ఏడుగురు ఆచార్యులు రాసి సంతకాలు పెట్టారు. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు వారిలో ఉన్నారు. అందరి కొలువులూ పోయాయి. ముగ్గురు రాజ్యం విడిచి వెళ్లవలసి వచ్చింది. గౌస్ మాత్రం సంతకం చేయలేదు. ఆయన అల్లుడు ఎవాల్డ్, టెలిగ్రాఫ్ ప్రయోగాల్లో తోడున్న వెబర్ ఇద్దరూ చేశారు. ఇంట్లో తొంభై దాటిన తల్లి ఉన్న ఆ మనిషిది పిరికితనమని మనం తీర్పు చెప్పగలమా? నేను చెప్పలేను.

1933లో నాజీలు యూదులను ప్రభుత్వ కొలువుల నుంచి తొలగించే చట్టం తెచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినందువల్ల గొట్టింగెన్ భౌతికశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రాంక్‌కు అందులో మినహాయింపు ఉంది. అయినా ఆయన బహిరంగంగా రాజీనామా చేశాడు. అది విద్రోహ చర్యతో సమానమని ఖండిస్తూ అక్కడి అధ్యాపకులు 42 మంది ప్రకటన ఇచ్చారు. ఏడుగురిని కన్న విద్యాలయమే ఈ 42 మందినీ కన్నది.

వీరు కూడా దేశం కోసం, మనస్సాక్షి కోసం మాట్లాడుతున్నామనే అనుకుని ఉండవచ్చు. మరి తేడా ఎక్కడుంది? నష్టానికి సిద్ధపడటంలో ఉందందామంటే, మూఢాభిమాని కూడా ప్రాణమిస్తాడు. కాబట్టి త్యాగం ఒక్కటే గీటురాయి కాదు. వాదననే తరచి చూడాలి. ఏడుగురి మాట రాజుకూ ప్రజకూ ఒకే నియమం పెట్టింది. తోటివారికి లేని రక్షణ తనకూ అక్కర్లేదన్నాడు ఫ్రాంక్. ఆ 42 మంది వాదనలో మాత్రం పక్కగదిలో పాఠం చెప్పే మనిషికి జరిగిన అన్యాయానికి చోటే లేదు. నాకు ఈ తేడా నిర్ణాయకంగా కనిపిస్తుంది.

1957లో 18 మంది అణుశాస్త్రవేత్తలు అణ్వాయుధాల తయారీలో పాలుపంచుకోబోమని గొట్టింగెన్ పేరుతోనే ప్రకటించారు. హైజెన్‌బర్గ్‌తో సహా కొందరు హిట్లర్ కాలంలో యురేనియం పరిశోధన చేసినవారే. అప్పుడు మూగబోయిన అంతరాత్మ ఇప్పుడు మేల్కొన్నదా, లేక ఈసారి కాదనడానికి భయపడవలసిన పని లేకపోయిందా? రెండూ కొంత నిజమే కావచ్చు.