శనివారపు సేవ

అమెరికాలో వైద్యవిద్య మన దేశమునందువలె ఇంటర్మీడియట్ ముగియగనే ఆరంభము కాదు. సాధారణముగా నాలుగేండ్ల డిగ్రీ పూర్తిచేసి ప్రవేశపరీక్ష వ్రాయవలెను. ఆ నడుమ ఉద్యోగము చేయుచు, సెలవు దినములలో ఆసుపత్రిసేవకు పోవు యువకులు పెక్కుమంది. వారిలో తెలుగు బిడ్డలును కలరు. సేవ చేసిన గంటలను దరఖాస్తులో చూపుదురు.

ప్రవేశము కొరకు చేయునది సేవ యగునా? ప్రత్యుపకారము నాశించి యిచ్చు దానమును గీత 17వ అధ్యాయమున భగవానుడు రాజస మనెను. అయితే దానమే కాదనలేదు. దానికిని క్రింద తామసము కలదు. అది ఆదరము లేక, అవమానించి యిచ్చునది. గడియారము చూచుకొనుచు రోగి ముఖము చూడనివాడు అచ్చటికే జారును.

సేవకునకు సూదిమందుల జోలి లేదు. చక్రాల కుర్చీ త్రోయుట, దుప్పటి కప్పుట, నర్సు నడిగి మంచినీ రందించుట, ఒంటరి వృద్ధురాలి చెంత కూర్చుండుట, ఇంతే. (ఆ నర్సు నడుగుట చిన్న పని కాదు, శస్త్రచికిత్సకు ముందు కొందరికి నీరీయరాదు.) వారమంతయు కొలువుచేసి అలసినవాడు నాలుగు ఆసుపత్రుల పేర్లు కూడబెట్టుటకన్న, ఒకే వార్డునకు ప్రతి శనివారము మూడు గంటలు పోవుట మేలు. అచ్చటివారు అతనికై ఎదురుచూతురు.

రంతిదేవుడు 48 దినములు పస్తుండి, తుదకు మిగిలిన నీటిని దప్పిగొన్నవాని కిచ్చెనని భాగవతము నవమస్కంధము చెప్పును. అతడును ఆ నీరు త్రాగబోవుచునే యుండెను; దాహము లేనివాడు కాడు.

ప్రవేశపత్రము చేతికందిన పిమ్మటను ఒక శనివారము వచ్చును. దరఖాస్తునకు ఇక గంటలక్కరలేదు. వార్డులో కుర్చీలును, దుప్పట్లును, రోగులును ఎప్పటివలెనే యుందురు. ఆ యుదయము అతడు పోవునా?