సంచిలో కత్తి

ఢిల్లీలో కాపురం పెట్టిన మన తెలుగువాళ్ల ఇళ్లలో కత్తిపీట ఇంకా కనిపిస్తుంది. ఆయుధాల చట్టం, 1959, దాని జోలికి రాదు. వంటకూ సేద్యానికీ వాడే పనిముట్లకు లైసెన్సు అక్కర్లేదు.

బటన్ నొక్కితే తెరుచుకునే కత్తి సంగతి వేరు. 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు దాటిన అలాంటి కత్తులను అమ్మకానికో, పరీక్షకో ఉంచుకోవద్దని ఢిల్లీ పాలనా యంత్రాంగం 1980 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అది ఢిల్లీకే వర్తిస్తుంది. నోయిడా, గురుగ్రామ్ వేరే రాష్ట్రాల్లో ఉన్నాయి. ఇలాంటి కేసొకదాన్ని 2025లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నిందితుడు కత్తిని అమ్మకానికో, పరీక్షకో ఉంచుకున్నాడన్న ఆరోపణే అభియోగపత్రంలో లేదని తేల్చింది. న్యాయం జరిగింది, నిజమే. కానీ అక్కడిదాకా వెళ్లేలోపు ఒక కుర్రాడి బతుకులో ఎన్నేళ్లు కరిగిపోతాయి! పిల్లలు సరదాకి ఆన్‌లైన్‌లో ఇలాంటివి తెప్పిస్తుంటే అమ్మానాన్నలు దయచేసి అడగాలి.

వంటకత్తి కొన్నా, అట్టలో చుట్టించి బిల్లు దగ్గర పెట్టుకోండి. దానితో మెట్రో ఎక్కకండి, సీఐఎస్ఎఫ్ తనిఖీలో ఆపేస్తారు.

ఇంట్లో మొద్దు కత్తే ఎక్కువ ప్రమాదం. బలంగా నొక్కాల్సి వస్తుంది, జారుతుంది. చేయి జారి పడుతున్న కత్తిని పట్టుకోబోకండి, వెనక్కి జరగండి. సింకులో సబ్బు నురగ కింద వదలకండి. కత్తిపీట పని అవగానే మడిచి, పసివాళ్లకు అందని చోట పెట్టండి.