నూగుమంచు ఎవరి పాపము?



ఒకని పంట చెడిపోయినప్పుడు పొరుగువారి నోట మొదట వచ్చు మాట ఏది? "అయ్యో" అనునది కాదు. "వాడేమి చేసియుండెనో" అనునదియే. సంఘములలోను ఈ మాట వినబడుచున్నది. ఆరాధనకు రాలేదు గనుక, మ్రొక్కుకొన్న కానుక ఇయ్యలేదు గనుక, అని కారణములు వెదకుదురు. యోబు స్నేహితులు ఏడు దినములు నోరు మెదపక కూర్చుండినంతవరకు మంచి స్నేహితులే. మాటలాడ మొదలుపెట్టిన తరువాతనే చెడిరి. ఈ మాట ఎంతవరకు న్యాయమో తూచి చూచుటకై మేము ఈ నెల మిమ్మును దూరదేశపు ద్రాక్షతోటకు తీసికొనిపోవుచున్నాము. ద్రాక్షావల్లి యుపమానమును మనము తరచుగా విందుము గాని, చలిదేశములో ఆ తీగె వసంతకాలమున పడు అపాయము మనకు అంతగా తెలియదు.

ఫ్రాన్సు దేశములో పారిస్ నగరమునకు ఆగ్నేయముగా సుమారు 180 కిలోమీటర్ల దూరమున షాబ్లీ అను చిన్న ఊరు కలదు. ఒక చిన్న నది దాని ప్రక్కను పారుచున్నది. చుట్టునున్న మిట్టల వాలులమీద 5,000 హెక్టార్లకు మించి ద్రాక్షతోటలున్నవి. షార్డొనే అను తెల్లద్రాక్షయే అక్కడి పంట. ఆ నేల ఒకప్పుడు సముద్రముక్రింద నుండెను గనుక సున్నపురాళ్లలో చిన్న చిన్న ఆలిచిప్పల గుర్తులు నేటికిని కనబడును. ఆ పండ్లనుండి తెల్లని ద్రాక్షారసము తీయుదురు. మద్యమును పొగడుట మా యుద్దేశము కాదు. త్రాగుడు మన పల్లెలను ఏమి చేయుచున్నదో మీరెరుగుదురు. మేము చూపగోరినది సీసాను కాదు, తీగెను, దానిని కాయు మనుష్యుని.

చలికాలమంతయు ఆ తీగె మోడువలె నుండును. అప్పటి గడ్డకట్టు చలి దానిని చంపదు. చలికాలము గడచులోగా రైతు కత్తెర పట్టి పాత కొమ్మలను కోసివేయును. మార్చి కడపటనో ఏప్రిల్ నెలలోనో కన్నులు ఉబ్బి, దూదివంటి నూగులోనుండి పచ్చని చిగురు తొంగిచూచును. చూచుటకు అందమైన ఆ దినమే భయమునకు మొదటి దినము. నిద్రించుచున్న కన్ను సున్నకు పది డిగ్రీలు దిగువనున్న చలినైనను ఓర్చుకొనును. విచ్చిన చిగురు సున్నకు రెండు మూడు డిగ్రీలు దిగినంతనే మాడిపోవును. ఈ భయము మే నెల నడుమవరకు తీరదు. మే 11, 12, 13 తేదీలలో స్మరింపబడు ముగ్గురిని అక్కడి పాతకాలపు రైతులు 'మంచు పరిశుద్ధులు' అని పిలిచిరి. ఆ దినములు దాటువరకు వారు నెమ్మదిగా నిద్రపోలేదు.

ఈ నూగుమంచు ఎవని తోటను పట్టును? మబ్బును గాలియు లేని రాత్రి నేలలోని వేడిమి ఆకాశమునకు పోవును. చల్లగాలి బరువైనది గనుక నీటివలె పల్లమునకు జారి అక్కడ నిలుచును. వాలునకు అడ్డముగా గోడయో గుబురు కంచెయో యున్నయెడల, గట్టున ఆగిన నీటివలె దాని వెనుక మడుగు కట్టును. కావున మిట్టమీది తోట బ్రతికిన రాత్రియే పల్లపుతోట నల్లబడవచ్చును. పల్లపువాడు మిట్టవానికంటె పాపియా? తండ్రి పంచియిచ్చినప్పుడు ఆ చెక్క అతని వంతునకు వచ్చినది, అంతే. సిలోయములో గోపురము పడి చచ్చిన 18 మందినిగూర్చి జనులు వేసికొన్న లెక్కను మన ప్రభువు ఒప్పుకొనలేదని లూకా సువార్త 13వ అధ్యాయములో చదువుచున్నాము.

ఇంకొక సంగతియు గలదు. 2021 మార్చి కడపట ఫ్రాన్సులో కాలముకాని వేడిమి పుట్టగా చిగుళ్లు త్వరపడి విచ్చెను. ఏప్రిల్ మొదటి దినములలో నూగుమంచు వచ్చి షాబ్లీలోను ఇతర ప్రాంతములలోను తోటలను పాడుచేసెను. భూమి వేడెక్కుటచేత చిగురు ముందుగా వచ్చి ఇట్లు చలికి చిక్కుట హెచ్చుచున్నదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూపిరి. ఆ వేడిమిని పెంచిన పొగ ఏ ఏ దేశముల యంత్రములనుండి లేచినదో! ఇందులో మనుష్యుల తప్పు ఏమియు లేదని మేము చెప్పము. అయితే దానిని దెబ్బతిన్నవాని యింటనే వెదకుట అన్యాయము. కంచె వేసినవాని సంగతియు అట్టిదే; తన చేను కాచుకొనుచు పైనున్న పొరుగువాని చేనిలో చలిని నిలువబెట్టిన మనుష్యుడు "అది దేవుని చిత్తము" అని పలికినయెడల మనమేమందుము?

అట్లయిన రైతు చేయవలసినది లేదా? ఉన్నది. మైనము నింపిన డబ్బాలను హెక్టారుకు వందలకొలది వరుసలమధ్య పెట్టి రాత్రివేళ వెలిగింతురు. కొందరు తీగెలమీద నీళ్లు చిమ్ముదురు. ఇది వింతగా తోచును గాని నిజము. నీరు గడ్డకట్టునప్పుడు గ్రాముకు 80 కేలరీల వేడిమిని విడుచును. అందుచేత మంచుగడ్డలో చిక్కిన చిగురు సున్న డిగ్రీలకు దిగిపోక బ్రతుకును. కాని ఎండ వచ్చి ఆ గడ్డ కరగువరకు నీళ్లు ఆగరాదు. నడుమ ఆగినచో, అసలు చల్లనివాని తోటకంటె ఆ తోటకే ఎక్కువ చేటు కలుగవచ్చును. అట్టివేళ కునుకు తీసిన కావలివానిది తప్పే. దానిని మేము మెత్తగా చెప్పము. అయితే డబ్బాలు కొనుటకు సొమ్ము లేనివాడును, సోమరితనముచేత వెలిగింపనివాడును తెల్లవారునప్పటికి ఒక్కటిగానే కనబడుదురు. వీధిలో నిలిచి చూచు మనకు ఆ భేదమెట్లు తెలియును?

ఉదయమున రైతు వరుసలవెంట నడచుచు ఒక్కొక్క కన్నును గోటితో చీల్చి చూచును. లోపల పచ్చగా నున్నయెడల ప్రాణమున్నది, గోధుమవర్ణమైనయెడల లేదు. ప్రతి కన్నులోను మొదటి మొగ్గ వెనుక చిన్నదియైన రెండవ మొగ్గ దాగియుండును. మొదటిది చచ్చినప్పుడు అది లేచును గాని గెలలు తక్కువగా వేయును. కొన్నిట అసలు వేయదు. అది లేచునో లేదో ఆ ఉదయమున ఎవరును చెప్పలేరు. కొన్ని వారములు కనిపెట్టవలెను. ఈలోగా అతడు కలుపు తీయుచు, మిగిలిన చిగుళ్లను తీగెలకు కట్టుచు నుండును. జూన్ నెలలో పూత వచ్చి పిందె నిలిచిన తరువాతనే తనకు పోయినదెంతో, మిగిలినదెంతో అతనికి తెలియును.